నాలుగేళ్లు డిస్కోర్స్ వాడాక: జవాబులు ఉన్నాయి సరే, దొరుకుతున్నాయా?

"అన్నా, అనులో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో పెడితే అంతా ఏబీసీడీలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి, పార్టీ ఇక్కడే కూర్చున్నాడు."

రాత్రి పదిన్నరకి ఫోన్. ఈ ప్రశ్నకి నేను ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్క లేదు. అను అంటే మేం తెలుగు టైపు చేసే పాత ఫాంట్ల సాఫ్ట్‌వేర్. మాది డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుకి పేజీలు తయారుచేసే పని) ఆపరేటర్ల గుంపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేసేవాళ్లం. వాట్సాప్ గ్రూపులో రెండొందల మందికి పైగా ఉండేవాళ్లం, పై ప్రశ్నకి జవాబు అందులో కనీసం యాభైమందికి తెలుసు, గ్రూపులోనే పదిసార్లు రాసి ఉంటుంది కూడా. కానీ ఆ పదీ గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద, "పాత ప్రింటర్ అమ్మబడును" ఫొటోల కింద పూడుకుపోయి ఉండేవి. కొత్తగా వచ్చినవాడు పైకి తోసుకుంటూ ఎంతసేపని వెతుకుతాడు? అడిగేయడమే సులువు. చెప్పేవాడికి విసుగు, అడిగేవాడికి మొహమాటం.

అందుకే 2021లో డిస్కోర్స్ పెట్టాం. తెలియనివాళ్లకి ఒక ముక్క: ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు పెట్టిన ఇద్దరిలో ఒకరైన జెఫ్ అట్‌వుడ్, ఇంకో ఇద్దరితో కలిసి 2013లో బయటికి తెచ్చిన ఓపెన్ సోర్స్ ఫోరం సాఫ్ట్‌వేర్ ఇది, అంటే ఒక్కో ప్రశ్నా దాని జవాబులూ ఒక్కో పేజీలో ఉండే చర్చావేదిక. సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ మీద, స్వాప్ (డిస్కులో కొంత చోటుని ర్యామ్‌లా వాడుకోవడం) పెట్టుకుని, మొదటి రెండేళ్లు నెట్టుకొచ్చాం. తర్వాత 2 జీబీకి మారాం, అప్‌డేట్ చేసేటప్పుడు టెన్షన్ తగ్గింది. పెట్టడంలో అన్నిటికంటే ఎక్కువ టైం తిన్నది మెయిల్ సెటప్. సభ్యత్వం ఖాయం చేసుకోమనే మెయిల్ స్పామ్‌లో పడితే మనవాళ్లు రెండోసారి ప్రయత్నించరు, అంతే. ఇక సాంకేతిక సంగతులు వదిలేస్తున్నా. ఈ సమీక్ష దాని గురించి కాదు.

మేం చేసిన మొదటి తప్పు విభాగాలు. ఉత్సాహంలో పద్నాలుగు పెట్టాం: పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్ డ్రా, ఇన్‌డిజైన్, అను, యూనికోడ్, ప్రింటర్లు, పీడీఎఫ్, ఇంకా ఏవేవో. చూడటానికి కిరాణా కొట్టులో డబ్బాలు సర్దినట్టు ముచ్చటగా ఉండేది. ఆరు నెలలు తిరిగేసరికి మూడొంతుల ప్రశ్నలు "ఇతరములు"లో పడి ఉన్నాయి. ఎందుకంటే అడిగేవాడికి తప్పు ఎక్కడుందో తెలియదు, తెలిస్తే అడగడు. "క్ష" విడిపోయి క, ష పక్కపక్కన వస్తున్నాయంటే అది ఫాంటు లోపమా, సాఫ్ట్‌వేర్ సెట్టింగా, పీడీఎఫ్ చేసేటప్పుడు జరిగిన గోలా? ముందు రోగం పేరు చెప్తేనే లోపలికి రానిస్తాం అన్నట్టుంది మా ఏర్పాటు. ఇప్పుడు మూడే ఉంచాం: టైపింగూ ఫాంట్లూ, డిజైన్, ప్రింటింగ్. మిగతాదంతా ట్యాగులు, అంటే ప్రశ్నకి తగిలించే చిన్న గుర్తుపేర్లు. అవి కూడా అడిగినవాళ్లు పెట్టరు, మేమే పెడతాం.

విభాగాల కంటే వంద రెట్లు ముఖ్యమైనది శీర్షిక అని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. కొత్తగా పెట్టిన డిస్కోర్స్‌లో శీర్షిక కనీసం 15 అక్షరాలు ఉండాలి, కాబట్టి "ప్రాబ్లం" అని రాసి తప్పించుకోలేరు. కానీ "అర్జెంట్ సార్ ప్లీజ్ హెల్ప్" రాయొచ్చు కదా! అలాంటివి మాకు డజన్లు. దాని ఉపాయం ఒకటే, ఎవరో ఒకరు కూర్చుని శీర్షిక మార్చాలి. ఎలా మార్చాలన్నదే అసలు పని. నేను మొదట్లో చదువుకున్నవాడి లెక్కన మార్చేవాణ్ని. పైన చెప్పిన వాట్సాప్ ప్రశ్నకి "యూనికోడేతర ఫాంట్ల ఎన్‌కోడింగ్ సమస్య" అని పెట్టాను. మాట కరెక్టే. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మని ఇంగ్లీషు అక్షరాల గళ్లలో కూర్చోబెట్టారు, ఆ ఫాంటు లేని చోట అసలు గడిలో ఉన్న ఇంగ్లీషు అక్షరమే బయటపడుతుంది. ఫోన్‌కి పంపాలంటే మేటర్‌ని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కి (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతికి) మార్చుకుని ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి, లేదంటే పీడీఎఫో బొమ్మో చేసి పంపాలి. జవాబు పక్కాగా రాశాను, ఒక్కడూ తెరవలేదు. ఎన్‌కోడింగ్ అనే మాట తెలిసినవాడికి ఆ ప్రశ్నే రాదు! తర్వాత శీర్షికని "అనులో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో ఏబీసీడీలుగా వస్తోంది" అని మార్చాను. అప్పట్నుంచి దొరుకుతోంది. తెర మీద ఏం కనిపిస్తుందో అది, అడిగేవాడి నోటిమాటలో. కారణం పేరు శీర్షికలో వద్దు, జవాబులో చెప్పుకోవచ్చు.

దీనికి డిస్కోర్స్ బాగా కలిసొస్తుంది. కొత్త ప్రశ్న శీర్షిక టైప్ చేస్తుండగానే దానికి దగ్గరగా ఉన్న పాత ప్రశ్నలు పక్కన చూపిస్తుంది. పాత శీర్షికలు మనుషులు మాట్లాడే భాషలో ఉంటేనే ఆ సాయం పనికొస్తుంది. మా దగ్గర కొందరు సగం టైప్ చేసి, పక్కన చూసి, అడక్కుండానే వెళ్లిపోతారు. వాళ్లు ఎవరో ఎప్పటికీ తెలియదు. మాకు కావలసింది అదే.

తెలుగు గొడవ వేరే ఉంది, దీని గురించి ఎవరూ ముందు చెప్పలేదు. ఒకే ప్రశ్న మూడు రకాలుగా వస్తుంది: తెలుగు లిపిలో, ఇంగ్లీషులో, ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులో. మూడో రకంలో ఒక్కొక్కడిదీ ఒక్కో స్పెల్లింగు. తెలుగు లిపిలోనూ తక్కువేం కాదు. ఫాంట్, ఫాంటు, ఫాంట్లు, ఫాంట్స్, ఫాంటులు, ఫాంట్‌కి, ఫాంటుకి. కోరల్ డ్రా అనే ఒక్క పేరుని మా సభ్యులు ఐదు రకాలుగా రాస్తారు, అందులో నావే రెండు. వెతికే యంత్రానికి ఇవన్నీ ఒకటేనని ఎవరు చెప్పాలి? ట్యాగుల వరకు పర్వాలేదు, ఒక ట్యాగుకి మారుపేర్లు కట్టే సౌకర్యం ఉంది, "ఫాంటు" అని పెట్టినా "ఫాంట్లు"లోకే వెళ్తుంది. లోపలి రాతకి మేం చేసింది నాటు వైద్యం. ఎక్కువసార్లు అడిగే ప్రతి ప్రశ్న కింద "ఇలా కూడా అడుగుతారు" అని ఒక వరుస పెట్టి, ఆ మూడు రకాల రాతలూ, వచ్చే తప్పుల స్పెల్లింగులూ అన్నీ రాసేశాం. చూడ్డానికి అందంగా ఉండదు. మా నాలుగేళ్లలో ఇంతకంటే పనిచేసిన చిట్కా ఇంకోటి లేదు.

"పరిష్కారం" గుర్తు సంగతి. ఏ జవాబుతో పని అయిందో అడిగినవాడే టిక్ పెట్టొచ్చు, ఆ జవాబు ప్రశ్న కిందే కనిపిస్తుంది. పెట్టేవాళ్లు తక్కువ. "థ్యాంక్స్ అన్నా వచ్చింది" అంటారు. ఏది చేస్తే వచ్చింది నాయనా? నలుగురు నాలుగు చెప్పారు కదా! మళ్లీ అడిగితే పలకరు, అప్పటికే ఫ్లెక్సీ ప్రింటయి కూడలిలో కట్టేసి ఉంటుంది. వారం చూసి మేమే టిక్ పెడుతున్నాం.

టిక్‌తో ఇంకో చిక్కు, జవాబులు పాతబడతాయి. ఫొటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా భాషలదానికి మార్చమని మా దగ్గర బంగారంలాంటి జవాబు ఉండేది. కొత్త వెర్షన్లలో ఆ ఎంపికే తీసేశారు. జనం టిక్ చూసి నమ్మి, లేని మెనూ కోసం గంట వెతికి, మమ్మల్ని తిట్టుకున్నారు. తప్పు మాదే. ఇప్పుడు టిక్ పెట్టిన ప్రతి జవాబు మొదటి వరుసలో ఏ వెర్షన్‌లో, ఏ నెలలో చూశామో రాస్తున్నాం. పాతబడ్డవి తీసెయ్యం, ఎందుకంటే పేజ్‌మేకర్ 7 మీద ఇవాళ్టికీ బతుకుతున్న షాపులు నాకు తెలుసు.

మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నల్ని ఏం చేయాలన్నది మాలో మాకు గొడవ పెట్టిన విషయం. మొదట్లో "ఇది ముందే అడిగారు" అని ఒక ముక్క రాసి మూసేసేవాళ్లం. అచ్చు అక్షరాలు పేర్చే రోజుల నుంచి ఈ పనిలో ఉన్న పెద్దాయన ఒకరు, మా అందరికీ గురువులాంటివారు, అలా మూసేసరికి నొచ్చుకుని ఆర్నెల్లు మళ్లీ రాలేదు. ఫోన్ చేసి "బాబాయ్, మిమ్మల్ని అని కాదు" అంటే "లేదులే నాన్నా, మీరు బిజీ" అన్నారు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు ముందు రెండు వరుసల్లో జవాబు చెప్తాం, తర్వాత పాత ప్రశ్న లింకు ఇస్తాం, ఆ తర్వాతే మూస్తాం. తీసేయడం మాత్రం మానేశాం. వేరే మాటల్లో అడిగిన అదే ప్రశ్న ఇంకో వీధిలోంచి అదే ఇంటికి దారి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో మళ్లీ అడిగిన ప్రశ్నల్ని మూసి, అసలుదానికి లింకు కట్టి వదిలేసేది అందుకే.

చిన్న విషయం, కానీ మా వాళ్లకి పెద్దది. తెలుగు శీర్షికని లింకులో కలిపే సెట్టింగు నేనే పెట్టాను. ఆ లింకుని వాట్సాప్‌లో పెడితే నాలుగు వరుసల శాతం గుర్తులూ అంకెలూ వచ్చేవి, "ఇదేదో వైరస్ లింకు అన్నా" అని నొక్కేవారు కాదు. సెట్టింగు మార్చి లింకులో అంకె మాత్రమే ఉండేలా చేశాక నొక్కుతున్నారు. అవును, వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. అడిగేది అక్కడే, జవాబుగా వెళ్లేది ఇక్కడి లింకు. గ్రూపుని మూసేయాలని చూసిన నెలలో డిస్కోర్స్‌కీ ఎవరూ రాలేదు.

అందరికీ పనికొస్తుందా అంటే, యాభైమంది లోపు ఉంటే దీని జోలికి పోవద్దు. గ్రూపులో ఒక గూగుల్ డాక్ పిన్ చేసి, దాన్ని శ్రద్ధగా చూసుకుంటే చాలు. పెద్ద గుంపైతే పెట్టుకోండి, కానీ రోజూ అరగంట శీర్షికలు మార్చే మనిషి ఒకరు ఉంటేనే. మేం ముగ్గురం ఉన్నాం, వంతులేసుకుంటాం. పెళ్లిళ్ల సీజన్‌లో ముగ్గురమూ చేతులెత్తేస్తాం, ఆ రెండు నెలల ప్రశ్నలు ఇప్పటికీ చిందరవందరగానే పడి ఉన్నాయి. ఐదుకి నాలుగు ఇస్తాను, తగ్గిన ఒకటి మాది.

మొన్న మళ్లీ రాత్రి పదిన్నరకి ఫోన్. అదే కుర్రాడు. నేను ఊపిరి పీల్చుకుని అను, వాట్సాప్, కన్వర్టర్ అని మొదలుపెట్టబోతుంటే, "అది చూశాలే అన్నా, వచ్చేసింది. మీరు మూడో మెట్టులో రాసిన బటన్ పేరు ఇప్పుడు మారింది, అది చెప్దామని" అన్నాడు. నువ్వే మార్చెయ్ అని చెప్పి పడుకున్నాను. పొద్దున చూస్తే మార్చి ఉంది, కింద "ఇలా కూడా అడుగుతారు" వరుసలో తన స్పెల్లింగు కూడా కలిపాడు.