ఆబిడ్స్ పాత వంట పుస్తకాలు: ఏళ్ళ తరబడి వండి చూశాక

ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, వాటి ముందున్న ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలవాళ్ళది. నాంపల్లి మెట్రోలో దిగితే నడిచి వెళ్ళేంత దూరమే. నవలలకూ, పోటీ పరీక్షల గైడ్లకూ ఉన్న గిరాకీ వంట పుస్తకాలకు లేదు. పంచాంగాలు, ముగ్గులు, వాస్తు పుస్తకాలతో కలిపి ఓ పక్క కుప్ప పోస్తారు. అందుకే చవక. తెలుగువి యాభై, అరవైకి వచ్చేస్తాయి. రంగు బొమ్మల ఇంగ్లిషు పుస్తకాలకు మాత్రం మూడొందల దగ్గర బేరం మొదలెడతారు, వాటి జోలికి నేను పోను. పోగేసినవాటిలో సగానికి పైగా వండి చూశాను కాబట్టి ఏవి కొనొచ్చో, ఏవి వదిలేయొచ్చో కాస్త ధైర్యంగానే చెప్పగలను.

పచ్చళ్ళు, పొడులు, వడియాలు, పిండివంటలకు పాత పుస్తకాన్ని మించింది లేదు. రోజువారీ కూరలకు మాత్రం దండగ. కూర దగ్గరికొచ్చేసరికి "ఉప్పు, కారం తగినంత" అని తేల్చేస్తారు. చదివే అమ్మాయి పక్కన ఓ అత్తగారు ఉంటుందని రాసినవాళ్ళ ధీమా. అదే అరిసెల పాకానికి వస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. నీళ్ళలో వేసిన పాకం వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి, ఆ ఉండను పళ్ళానికేసి కొడితే మోగిందంటే ముదిరినట్టే. ఎన్ని వీడియోలు చూసినా ఇంత సూటిగా చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు.

కొత్తగా కొన్నవాళ్ళకు తలనొప్పి కొలతలతోనే. మన దేశంలో మెట్రిక్ తూకాలు 1958 నుంచి మొదలయ్యాయి. నా దగ్గరున్న వాటిలో ఆ తర్వాత అచ్చయినవి కూడా కొన్ని సోలా, తవ్వా అంటూ పాత కొలపాత్రల లెక్కే మాట్లాడతాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఇది గుర్తుంటే సగం గండం గట్టెక్కినట్టే. రెండో సగం శేరు, అది పాత తూకం. కోస్తావాళ్ళ పుస్తకంలో శేరంటే 24 తులాలు, అంటే సుమారు 280 గ్రాములు. పక్కా శేరు, అంటే పెద్ద శేరైతే 80 తులాలు, 933 గ్రాములు. పుస్తకం ఏ శేరు గురించి చెబుతోందో తేల్చడానికి నేను వీశె అనే మరో పాత తూకం కోసం వెతుకుతాను. అయిదు శేర్లు ఒక వీశె అనే లెక్క ఎక్కడైనా కనిపిస్తే అది చిన్న శేరే. "రూపాయి ఎత్తు ధనియాలు" అని ఉంటే ఇప్పటి బిళ్ళ పెట్టి తూచకండి. ఆ రోజుల్లో రూపాయి ఎత్తంటే తులం, 11.66 గ్రాములు. ఇప్పటి రూపాయి బిళ్ళ నాలుగు గ్రాములు కూడా తూగదు.

ఊరగాయల్లో ఈ బాధ లేదు. అంతా పాళ్ళ లెక్కే కాబట్టి ఏ గిన్నె అయినా ఫర్వాలేదు, అన్నీ దానితోనే కొలవాలి. ఒక్క ఉప్పు దగ్గర జాగ్రత్త. పుస్తకం చెప్పేది బరకగా దంచిన కల్లుప్పు. మనం వాడే ప్యాకెట్ ఉప్పు సన్నం, అదే గిన్నెలో ఎక్కువ బరువు పడుతుంది. ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు సమానం అని ఉన్నచోట నేను సన్న ఉప్పయితే పావు వంతు తగ్గిస్తాను. సరిగ్గా సరిపోతుంది.

ఇక కొనేటప్పుడు. మొదట విషయసూచిక చివరి పేజీ నంబరు చూసి, ఆ పేజీ పుస్తకంలో ఉందో లేదో చూడండి. చిరిగేవి ఎప్పుడూ ఆఖరి కాగితాలే, స్వీట్లుండేదీ అక్కడే. తర్వాత చేతిరాత కోసం చూడండి. నా దగ్గర అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో సున్నుండల పక్కన పెన్సిల్‌తో "నెయ్యి చాలదు", కింద వేరే సిరాతో "మామయ్యగారికి బెల్లంతో" అని ఉంది. జాంగ్రీ పేజీకి అడ్డంగా గీత కొట్టి "శుద్ధ దండగ" అని రాశారు. జాంగ్రీ చేసి చూశాను, ఆ రాసినావిడ మాటే నిజం. అచ్చు కంటే ఆ పెన్సిల్ రాతనే నేను ఎక్కువ నమ్ముతాను. మాలతీ చందూర్ గారి "వంటలు – పిండివంటలు" లాంటివి ఎన్నోసార్లు అచ్చయ్యాయి కాబట్టి తరచూ కనిపిస్తాయి. రాతలున్న ప్రతి దొరికితే శుభ్రమైనదాన్ని ఇంకెవరికైనా ఇచ్చేస్తాను.

ఉర్దూ పుస్తకాలూ బాగానే వస్తాయి. నాకు ఉర్దూ చదవడం రాదు. అయినా పల్చటి పుస్తకం ఒకటి కొని, టోలీచౌకీలో ఉండే మా స్నేహితుడి వాళ్ళ అమ్మగారికి చూపించాను. మేమంతా ఆవిడను ఖాలా అంటాం. డబుల్ కా మీఠా పేజీ తీసి పైకి చదివారు: రొట్టె ముక్కలు వేయించడానికి పావు శేరు నెయ్యి, పైన ఒక ఛటాక్ బాదం. ఛటాక్ అంటే అయిదు తులాలు, 58 గ్రాములు. "ఇంత నెయ్యి ఇప్పుడెవరు తింటరు బేటా" అంటూనే మర్నాటికి ఆ లెక్కనే చేసి డబ్బా పంపారు. నెయ్యి ఒక్క చుక్క కూడా తగ్గించలేదని తింటుంటేనే తెలిసింది. ఆ పుస్తకం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. అడగను కూడా.

పుస్తకాలు తెచ్చాక నేరుగా అల్మారాలో పెట్టొద్దు, సిల్వర్‌ఫిష్ పురుగులు పక్కవాటికీ పాకుతాయి. గాలి చొరని కవర్లో కట్టి వారం పైన డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతాను. తీశాక చల్లదనం పోయేవరకూ కవరు విప్పకూడదు, చెమ్మ పడుతుంది. కలరా ఉండలు వద్దు, ఆ వాసన జన్మకు పోదు. చిరుగులకు సెల్లోటేప్ వద్దు, కొన్నాళ్ళకు పచ్చబడి కాగితాన్నే లాగేస్తుంది. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి దారంతో కుట్టించడం మేలు. ఛత్తా బజార్ వైపు ఆ పని చేసేవాళ్ళు దొరుకుతారు. పురుగు పట్టకుండా బైండింగ్ జిగురులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. అది విషం. వంటింట్లో తిరిగే పుస్తకమని చెప్పి కలపవద్దనండి.

ఈ పిచ్చి పుస్తకాలతో ఆగదని కూడా చెప్పాలి. గిద్ద, సోల కొలపాత్రలు చేతికి వస్తే బాగుండునని పాత సామాన్లమ్మే జుమ్మెరాత్ బజార్‌కి వెళ్తే రాచిప్ప (రాతి గిన్నె), రెండు జాడీలు కూడా ఇంటికొచ్చాయి. ఇత్తడి గిన్నెలు కొంటే కళాయి పూయించకుండా చింతపండు పులుసు పెట్టకండి.

అల్మారాలో వీటికి ఒక్క అరే కేటాయించాను. కొత్తది వస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. పచ్చళ్ళ పుస్తకాలకు మా అపార్ట్‌మెంట్‌లోనే క్యూ ఉంటుంది. పొడుల పుస్తకం అమెరికా వెళ్తున్న మా మేనకోడలు పట్టుకెళ్ళింది, గ్రాముల్లోకి మార్చి రాసిచ్చాను. "మైక్రోవేవ్ వంటలు", "చైనీస్ రుచులు" మాత్రం ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు. వాటిని మళ్ళీ ఆబిడ్స్‌కే పట్టుకెళ్తాను. నాలుగింటికి ఇరవై రూపాయలిస్తారు.