జపాన్ లాంగ్వేజ్ స్కూల్‌కి కల్చరల్ ఫీజు కట్టేముందు ఇది చదవండి

ఏప్రిల్ ఇన్‌టేక్, అక్టోబర్ ఇన్‌టేక్ అంటూ కన్సల్టెన్సీల చుట్టూ తిరుగుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, వాళ్ళ అమ్మానాన్నలకీ చెప్తున్నా. బ్రోచర్‌లో యుకాతాలు (జపాన్‌వాళ్ళు ఎండాకాలంలో వేసుకునే పల్చటి కిమోనోలు) కట్టుకున్న ఫోటోలు, ఫుజి కొండ ముందు గ్రూప్ ఫోటోలు చూసి స్కూల్ సెలెక్ట్ చేసుకోకండి. నేను హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ద్వారా టోక్యో పక్కన సైతామాలో ఉన్న ఒక స్కూల్‌లో చేరాను. ట్యూషన్ ఫీజు కాకుండా కల్చరల్ యాక్టివిటీ ఫీజు అని ఏడాదికి 60 వేల యెన్ కట్టించుకున్నారు, మన డబ్బుల్లో 30 వేల పైనే. నెలకో ఈవెంట్ ఉంటుంది, టీ సెర్మనీ, కాలిగ్రఫీ, ఫుజి బస్ ట్రిప్, క్లబ్బులు అన్నీ అందులోనే, మళ్ళీ ఒక్క యెన్ కూడా కట్టక్కర్లేదు అన్నారు. మా నాన్న ఆ మాట నమ్మే అప్పు ఇంకొంచెం ఎక్కువ తీసుకున్నారు.

యుకాతా డే ఎలా జరిగిందో చెప్తా. మొత్తం స్కూల్‌కి పదో పన్నెండో యుకాతాలు, క్లాసుల వారీగా పిలవడం, జీన్స్ మీదే యుకాతా చుట్టేసి నడుముకి ఓబీ అనే పట్టీని ఒక క్లిప్పుతో బిగించడం, పేపర్ విసనకర్ర చేతికిచ్చి ఫోటో, వెంటనే విప్పి తర్వాతి వాళ్ళకి ఇవ్వడం. కట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. మా క్లాస్ అమ్మాయి ఒకరికి కుడి అంచు పైకి వచ్చేలా చుట్టారు, అలా చుట్టేది ఇక్కడ చనిపోయినవాళ్ళకి మాత్రమే, బతికున్నవాళ్ళకి ఎప్పుడూ ఎడమ అంచే పైన ఉండాలి. అటుగా వెళ్తున్న టీచర్ చూసి కంగారుగా సరిచేశారు కానీ అప్పటికే ఫోటో తీసేశారు, అదే ఫోటో స్కూల్ పేజీలో కూడా పెట్టేశారు. ఆ అమ్మాయి తర్వాత విషయం తెలిసి ఏడ్చింది. టీ సెర్మనీ అయితే క్లాస్‌రూమ్‌లోనే, మాచా (గ్రీన్ టీ పొడి) కలిపి పేపర్ కప్పుల్లో పోసిచ్చారు, మంచి గిన్నె ఒక్కటే ఉంది, అది ఫోటో కోసం చేతులు మారుతూ ఉంది.

ఫుజి ట్రిప్ వాన వల్ల క్యాన్సిల్ అయింది. వాన ఎవరి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటా, కానీ మళ్ళీ ఇంకో తేదీ పెట్టలేదు, డబ్బూ ఇవ్వలేదు. ఆఫీస్‌లో అడిగితే ఇది ఏడాదికి కట్టే ఫీజు, ఒక్కో ఈవెంట్‌కి రీఫండ్ ఉండదు, రూల్ బుక్‌లో రాసి ఉంది అన్నారు. ఆ రూల్ బుక్ మాకు జపాన్‌లో దిగాక ఇచ్చారు, అదీ మొత్తం జపనీస్‌లో, అప్పటికి మాకొచ్చింది ఎన్5, అంటే అన్నిటికంటే కింది లెవెల్ భాష! కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే అది స్కూల్ విషయం అంటారు, స్కూల్‌లో అడిగితే మీ ఏజెంట్‌ని అడగండి అంటారు.

దీనికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది అటెండెన్స్. ఈవెంట్లు సెలవు రోజుల్లో పెట్టరు, క్లాస్ జరగాల్సిన రోజే పెడతారు, వెళ్తే హాజరు పడుతుంది, వెళ్ళకపోతే ఆబ్సెంట్. కామకురా అనే పాత ఊరి ట్రిప్‌కి అన్నీ ఫీజులోనే అన్నవాళ్ళే రైలు టికెట్‌కి, భోజనానికి వేరేగా 3 వేల యెన్ అడిగారు, కట్టలేక రూమ్‌లో ఉండిపోయిన వాళ్ళకి ఆబ్సెంట్ వేశారు. స్టూడెంట్ వీసా రెన్యూవల్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళు చూసేవాటిలో అటెండెన్స్ ముఖ్యమైనది, అది 80 శాతం కంటే తగ్గితే ఎందుకు తగ్గిందో చెప్పుకోవాల్సి వస్తుంది. చేతిలో డబ్బుల్లేక పిక్నిక్‌కి వెళ్ళలేదు అన్న కారణంతో పిల్లల వీసా మీద దెబ్బ పడటం ఎంత అన్యాయం చెప్పండి. పార్ట్‌టైమ్ చేసి కట్టేయొచ్చుగా అంటారు కొందరు, వారానికి 28 గంటలే పర్మిషన్, టోక్యోలో 2024 అక్టోబర్ నుంచి ఏడాది పాటు ఉన్న కనీస వేతనం 1,163 యెన్ లెక్కన చూసినా నాలుగు వారాలకి సుమారు లక్షా ముప్పై వేల యెన్ వచ్చేది, సైతామాలో రేటు ఇంకా తక్కువ, అందులోనే రూమ్ రెంట్, తిండి, ఇన్సూరెన్స్, వచ్చే టర్మ్ ఫీజు. నెలకి రెండు లక్షల రూపాయలు మిగులుతాయని అమీర్‌పేటలో చెప్పే మాటలు దయచేసి నమ్మకండి.

క్లాసులు ఉండేదే సగం పూట, వారానికి 45 నిమిషాల పీరియడ్లు 20. లాంగ్వేజ్ స్కూల్‌లో ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళే ఉండనిస్తారు, అక్టోబర్‌లో వచ్చినవాళ్ళకైతే ఏడాదిన్నరే. ఆ లోపు జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో పైనుంచి రెండో లెవెల్ అయిన ఎన్2 కొట్టకపోతే ఉద్యోగం గానీ మంచి కాలేజీ గానీ కష్టం, ఆ పరీక్ష ఏమో జూలైలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి. ఫోటోల కోసం పోయిన ప్రతి రోజూ ఆ కాంజీ (జపనీస్ చిత్రలిపి) క్లాసులోంచి పోయిందే.

నాకు జపాన్ కల్చర్ అంటే చాలా ఇష్టం, అందుకే ఇంత బాధ. నిజమైన కల్చర్ స్కూల్ బయట దాదాపు ఫ్రీగా దొరుకుతోంది! టోక్యోలోని ఉఎనో పార్క్‌లో సకురా (చెర్రీ పూలు) చూడటానికి టికెట్ లేదు, అసకుసా సెన్సోజీ గుడికి టికెట్ లేదు, ఎండాకాలంలో గల్లీ గల్లీకీ బోన్ ఓదోరి అనే పండగ డాన్స్ జరుగుతుంది, మధ్యలో ఎత్తుగా కట్టిన మంచె మీద తైకో డప్పు వాయిస్తుంటే చుట్టూ తిరుగుతూ ఎవరైనా ఆడొచ్చు, స్టెప్పులు రాకపోతే పక్కనున్న బామ్మలే నేర్పిస్తారు. ఇక్కడ నేనుండే ఊరి కమ్యూనిటీ సెంటర్‌లో 500 యెన్ ఇస్తే ఒక పెద్దావిడ టీ సెర్మనీ సరిగ్గా నేర్పించారు, ముందు స్వీట్ తిని తర్వాతే టీ తాగాలి, గిన్నె ముందు వైపు మన పెదవికి తగలకుండా కొంచెం తిప్పుకోవాలి అని, నా చెయ్యి పట్టుకుని మరీ చూపించారు. మున్సిపల్ ఆఫీసుల దగ్గర వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు కూడా ఉంటాయి, అడగండి.

కాబట్టి డబ్బు కట్టేముందు పోయిన ఏడాది ఈవెంట్ల క్యాలెండర్ తేదీలతో సహా అడగండి, వచ్చే ఏడాది ప్లాన్ కాదు, జరిగిపోయినవి. యాక్టివిటీ ఫీజులో ఏమేం కలిసున్నాయి, క్యాన్సిల్ అయితే డబ్బు వెనక్కి ఇస్తారా, వెళ్ళకపోతే ఆబ్సెంట్ వేస్తారా, ఇవి ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎందుకూ పనికిరాదు. రూల్ బుక్ ముందే పంపమనండి, జపనీస్‌లో ఉన్నా పర్లేదు, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకోవచ్చు. డబ్బు జపాన్‌లోని స్కూల్ అకౌంట్‌కే నేరుగా పంపండి, కన్సల్టెన్సీ ఓనర్ అకౌంట్‌కి వద్దు. 2024 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం కింద జపాన్ విద్యాశాఖ లాంగ్వేజ్ స్కూళ్ళకి గుర్తింపు ఇస్తోంది, పాత స్కూళ్ళకి కొంత టైమ్ ఇచ్చారు, మీ స్కూల్‌కి ఆ గుర్తింపు వచ్చిందా, అప్లై చేసిందా అని కూడా అడగండి. కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్‌లో కలిపే సీనియర్‌తో కాకుండా మీ అంతట మీరు వెతుక్కున్న స్టూడెంట్‌తో మాట్లాడండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు జపాన్‌లో 188కి కాల్ చేయొచ్చు, అది కన్జ్యూమర్ హాట్‌లైన్, జపనీస్ బాగా వచ్చిన ఫ్రెండ్‌ని పక్కన పెట్టుకుని చేయండి. టోక్యో యోత్సుయాలో ఫ్రెస్క్ అని విదేశీయుల కోసం సపోర్ట్ సెంటర్ ఉంది, వీసా డౌట్లు అక్కడ అడగొచ్చు. ఇండియాలోని కన్సల్టెన్సీ మీద అయితే 1915, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. నేను జపాన్‌లోనూ ఇండియాలోనూ రెండు చోట్లా కంప్లైంట్ పెట్టాను, రసీదులు, కన్సల్టెన్సీ వాళ్ళ వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచి ఉంచా. మీరు కూడా ఏ ఒక్క మెసేజ్ డిలీట్ చేయకండి.