మట్టిలోంచి వచ్చిన జర్మన్ హెల్మెట్లకు ఆక్సాలిక్ యాసిడ్: ఏళ్ల తరబడి వాడాక

మార్బుల్ పాలిష్ పనివాళ్లు వాడే ఆక్సాలిక్ పౌడరే ఇది. రష్యాలోని వోల్ఖోవ్ చిత్తడి నేలల్లోనూ, లాత్వియాలోని కుర్లాండ్‌లోనూ బయటపడిన రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం35, ఎం40, ఎం42 రకాల జర్మన్ హెల్మెట్ల డొప్పల (ఉక్కు గుల్లల) మీద చాలా ఏళ్లుగా వాడుతున్నాను. తుప్పు కింద రంగు మిగిలి ఉంటే దీన్ని మించింది నాకు కనబడలేదు. ఉప్పు పట్టిన ఇనుముకు మాత్రం ఇదొక్కటే చాలదు.

తుప్పును కరిగిస్తూ అసలు రంగును దాదాపు ముట్టుకోకపోవడమే దీని గొప్పతనం. ఎలక్ట్రోలిసిస్ (నీళ్లలో కరెంటు పంపే పద్ధతి) తుప్పును బాగానే వదిలిస్తుంది గానీ లోహం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు రంగును పొరలుగా లేపేస్తాయి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ జోలికి అసలు పోవద్దు. అది లోపల క్లోరైడ్‌ను వదిలి మళ్లీ తుప్పుకు దారి తీస్తుంది. వైర్ బ్రష్ పెడితే ఎం40 మీది గరుకు రంగు ఇక తిరిగి రాదు.

బకెట్‌లో వేసే ముందు డొప్పను లైటుకు ఎదురుగా పట్టి చూడండి. సూది రంధ్రాలు గుంపుగా కనిపిస్తే వేయకండి. అక్కడ డొప్పను పట్టి ఉంచుతున్నది తుప్పే, అది కరిగితే రంధ్రాలు కలిసిపోతాయి. లైనర్ పట్టీ (లోపలి తోలు మెత్తను పట్టి ఉంచే లోహపు పట్టీ) మిగిలి ఉన్నా అంతే. అల్యూమినియమైనా, జింకు పూత వేసిన ఉక్కయినా యాసిడ్ తినేస్తుంది. బిగుసుకుపోయిన పిన్నులు విరగ్గొట్టి పట్టీని ఊడదీయడం కంటే, యాసిడ్‌ను మిథైల్ సెల్యులోజ్‌తో జెల్‌లా చిక్కబరిచి బయటి వైపు మాత్రమే పూయడం మేలు. మంచులో కనబడకుండా సున్నంతో వేసిన చలికాలపు తెలుపు ఉంటే యాసిడ్ మాటే వద్దు. లోపల వెనక అంచున సైనికుడి పేరు కనిపిస్తే ముందు ఫొటో తీయండి. గుర్తింపు బిళ్ల కూడా దొరికితే జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఫోక్స్‌బుండ్‌కు తెలియజేయండి, అది ఒకరి చావు కబురు.

కొలత: లీటరుకు 20 గ్రాములు. హెల్మెట్ పూర్తిగా మునగడానికి 12 లీటర్లు పడితే 240 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్ వాడాలి. బోరు నీళ్లు వద్దు. అందులోని కాల్షియం యాసిడ్‌తో కలిసి తెల్లటి పొరగా అతుక్కుంటుంది, గోకితే తప్ప పోదు. ఆర్‌ఓ లేదా డిస్టిల్డ్ నీళ్లే పోయండి. బకెట్ మీద నల్లటి మూత కూడా ఉండాలి. వెలుతురు తగిలితే కరిగిన ఇనుము పసుపు పొడిగా మారి డొప్ప మీద పేరుకుంటుంది. యాసిడ్ మరీ చిక్కగా ఉన్నా, ఎక్కువసేపు వదిలేసినా అదే పసుపు.

రెండు మూడు గంటలకోసారి తీసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో నీళ్ల కిందే రుద్దండి. ద్రావణం ముదురు ఆకుపచ్చగా మారితే మార్చేయండి. ఎడమ వైపు డెకాల్ (అతికించిన సైనిక చిహ్నం) జాడ ఉంటే ముంచకుండా దూదితో కొంచెం కొంచెంగా తుడవాలి. లోపలి అంచున ఈటీ 64 లాంటి ముద్ర (థాలే కర్మాగారం, 64 సైజు) తేలగానే అక్కడ ఆపేయడం మంచిది. రంగు కనిపిస్తున్న కొద్దీ ఇంకొంచెం ఉంచుదామని చేయి లాగుతుంది. చివరి పది శాతం తుప్పును అలాగే వదిలేయడమే నయం.

తర్వాత లీటరుకు 20 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, మంచి నీళ్లు మార్చి మార్చి పోసి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. పది నిమిషాలు ఆలస్యమైనా నారింజ తుప్పు లేస్తుంది.

దీర్ఘకాలంలో తేడా తెలిసేది ఇక్కడి నుంచే. కొన్ని డొప్పలు తొలి వానాకాలంలోనే చెమర్చి, గోధుమ రంగు బొట్లు కారుస్తాయి. అది లోపల మిగిలిన క్లోరైడ్. దాన్ని లాగాలంటే రెండు శాతం కాస్టిక్ సోడాలో వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండాలి. అయితే అది రంగును పూర్తిగా ఊడ్చేస్తుంది కనుక రంగు లేని డొప్పలకే ఆ వైద్యం. నీటిలో ఇంకా క్లోరైడ్ ఉందో లేదో చూడాలంటే, ఆ నీటి నమూనాకు నైట్రిక్ యాసిడ్ కలిపి ఆమ్లంగా మార్చాక సిల్వర్ నైట్రేట్ చుక్క వేయాలి. తెల్లగా మబ్బు పడితే ఉన్నట్టే. రంగున్న డొప్పలకు పొడి వాతావరణమే రక్ష.

పూతగా అసిటోన్‌లో ఐదు శాతం పారలాయిడ్ బి-72 (పారదర్శక యాక్రిలిక్ రెజిన్) రెండుసార్లు, పైన మైక్రోక్రిస్టలైన్ మైనం. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో వానాకాలం ఇది చేయకండి. అసిటోన్ ఆవిరైనప్పుడు ఉపరితలం చల్లబడి తేమ పట్టి, పూత తెల్లబడుతుంది. అవిసె నూనె రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది జిగురుగా మారి, నల్లబడి, తీయడానికి ప్రాణం తీస్తుంది.

యాసిడ్ విషం. గ్లవ్స్, కళ్లద్దాలు, పొడి కలిపేటప్పుడు మాస్కు ఉండాలి. వంటింటి గిన్నెలు వాడకూడదు. వాడిన ద్రావణాన్ని వంటసోడాతో బుడగలు ఆగేదాకా తటస్థం చేసి పారబోయాలి. డొప్పను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి, జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ పెట్టండి.