పట్టేసిన హెడ్‌లైట్ స్క్రూలకు పెనెట్రేటింగ్ ఆయిల్: ఏళ్ల తరబడి వాడాక

పాత లారీల్లో హెడ్‌లైట్‌ని పైకీ కిందకీ, పక్కలకీ సర్దే స్క్రూలు పట్టేస్తే వదిలించడానికి నేను వాడేది పెనెట్రేటింగ్ ఆయిల్ స్ప్రే, అంటే పట్టేసిన మరల సందుల్లోకి దిగే పల్చటి నూనె. బరంపురంలో హైవే పక్కన లారీల కరెంటు పని చేస్తుంటాను. నా దగ్గర ఈ డబ్బాలు ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క లేదు. సరుకు మంచిదే, ఇప్పటికీ కొంటున్నాను. కొట్టిన నిమిషంలో స్క్రూ తిరిగిపోతుందనుకుని కొనేవాళ్ళకి మాత్రం నచ్చదు. దీన్ని రాత్రంతా నానబెట్టాలి. ఆ ఓపిక ఉంటే పదింట తొమ్మిది స్క్రూలు తల విరగకుండా వస్తాయి.

మా గంజాం జిల్లాలో ఈ బాధ ఎక్కువ. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క చిలికా. హుమ్మా ఉప్పు మడుల దగ్గర లోడు ఎత్తే లారీల సంగతి చెప్పక్కర్లేదు. గాలిలోనే ఉప్పు తేమ ఉంటుంది, అది డూమ్ (హెడ్‌లైట్ కూర్చునే గిన్నె) లోపలికి చేరి మరల మధ్య కూర్చుంటుంది. ఇనప స్క్రూ, జింకు పోతపోసిన బ్రాకెట్ కలిసిన చోట ఉప్పు నీరు తగిలితే రెండు లోహాల మధ్య చర్య మొదలై తెల్లటి పొడి పేరుకుంటుంది. మామూలు ఎర్ర తుప్పు కంటే ఇది మొండిది. తప్తపాణి ఘాట్ మీదుగా మోహన, రాయగడ వైపు తిరిగే బళ్ళకి ఉప్పు తక్కువే గానీ వానలూ మంచూ ఉంటాయి. వాటికి ఎర్ర తుప్పు ఎక్కువ, నూనెకి త్వరగా లొంగుతుంది.

ఏడంగుళాల గుండ్రటి హెడ్‌లైట్ ఉన్న పాత బళ్ళలో రిఫ్లెక్టర్ మూడు చోట్ల ఆనుకుని ఉంటుంది. ఒకచోట స్ప్రింగు గానీ కీలు గానీ, మిగతా రెండు చోట్ల స్క్రూలు. సాధారణంగా పై స్క్రూ ఎత్తుకి, పక్క స్క్రూ కుడి ఎడమలకి. చాలా బళ్ళలో స్క్రూ వెళ్ళి నైలాన్ నట్టులో దిగుతుంది. అసలు తలనొప్పి అక్కడే. స్క్రూ తుప్పుతో ఉబ్బి నైలాన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. మనం బలంగా తిప్పితే స్క్రూ కదలదు, నట్టే తన గుంటలో గుండ్రంగా తిరిగి ఆ చదరపు గుంట అరిగిపోతుంది. ఇక ఎంత తిప్పినా లైటు కదలదు. అందుకే స్క్రూడ్రైవర్ ముందు నుంచి పెట్టేలోపే చెయ్యి డూమ్ వెనక్కి వెళ్ళాలి.

వెనకపక్క నట్టు దాటి స్క్రూ కొస బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని మరలు తుప్పుతో నిండి కనిపిస్తాయి. వదులు చేసేటప్పుడు ఆ తుప్పు మరలన్నీ నట్టు గుండానే రావాలి. వాటిని వైర్ బ్రష్‌తో తళతళలాడేదాకా గీకకుండా తిప్పితే అవి నైలాన్ మరల్ని కోసేస్తాయి. గీకి, గుడ్డతో తుడిచి, సన్నగొట్టంతో వెనక నుంచి నాలుగు చుక్కలు, ముందు నుంచి నాలుగు చుక్కలు. సాయంత్రం పెట్టి ఇంటికెళ్ళిపోవాలి. పొద్దున మళ్ళీ రెండు చుక్కలు వేసి ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత వదులు చేసే వైపు కొంచెం. కదిలిన వెంటనే ఆశపడి ఒకేసారి తిప్పెయ్యకుండా పావు చుట్టు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ పోవాలి. ఎర్రటి నూనె బయటికి కారడం మొదలైందంటే లోపల తుప్పు వదిలి వస్తోందన్నమాట. అప్పుడే నాకు ధైర్యం వస్తుంది.

స్ప్రే కొట్టేటప్పుడు ఒక్క విషయం. రిఫ్లెక్టర్ లోపలి వెండిపూత మీద నూనె పడకూడదు. బల్బు వేడికి అది ఆవిరై అద్దం మసకబారుతుంది, ఆ తర్వాత ఎంత తుడిచినా పాత వెలుగు రాదు. కుదిరితే రిఫ్లెక్టర్ విప్పేసి పని చేస్తాను. విప్పలేకపోతే బల్బు కంతకి గుడ్డ కుక్కుతాను.

డబ్ల్యూడీ-40 చాలదా అని అందరూ అడుగుతారు. ఆ పేరు నీటిని తరిమే నలభయ్యో ప్రయత్నం అన్న అర్థంతో పెట్టింది, 1953లో అమెరికాలో తయారైంది. తడి తరమడానికీ, కనెక్షన్ పిన్నులు శుభ్రం చెయ్యడానికీ నా షాపులో ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా పట్టిన తుప్పుకి సరిపోతుంది. ఏళ్ల తరబడి పట్టేసినదానికి పెనెట్రేటింగ్ ఆయిలే లోతుకి దిగుతుంది. కిరోసిన్ పాతవాళ్ళ పద్ధతి, చవక, పని చేస్తుంది గానీ త్వరగా ఆరిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌లో అసిటోన్ సగం సగం కలిపే పద్ధతి కూడా వాడాను. ఇనుము ఇనుముకి పట్టేసిన చోట బాగా పని చేస్తుంది, కాకపోతే ఆ రెండూ కలిసి నిలవవు, ప్రతిసారీ కలియబెట్టాలి. అసిటోన్ చాలా ప్లాస్టిక్‌లనీ, రంగునీ తింటుంది, తొందరగా అంటుకుంటుంది. హెడ్‌లైట్ దగ్గర నేను వాడను. గ్యాస్ మంట అసలే వద్దు. లోహపు నట్టయితే మాత్రం స్క్రూ తల మీద వేడెక్కిన సాల్డరింగ్ ఐరన్ ఒక నిమిషం ఆనిస్తే చిన్న చోటే వేడి తగులుతుంది, సగం పట్టు వదులుతుంది. నూనె కొట్టాక మాత్రం ఇది చెయ్యొద్దు, పొగొస్తుంది, మండే ప్రమాదం కూడా ఉంది.

స్క్రూ వదిలాక ముఖ్యమైన పని లైటు సర్దడం. మొన్న ఇచ్ఛాపురం పెద్దాయన ఒకరు లోడు బండితో వచ్చి, "ఏరా బాబూ, సరుకు దించేసి రమ్మంటావా?" అని అడిగారు. "వద్దు బాబాయ్, లోడుతోనే నిలబెట్టండి" అన్నాను. వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు) కుంగితే ముందు భాగం లేస్తుంది, లైటూ లేస్తుంది. ఖాళీ బండి మీద సరిగ్గా సర్దిన లైటు లోడు పడ్డాక ఎదుటివాడి కళ్ళలోకి కొడుతుంది. మొదట టైర్లలో గాలి చూసి, బండిని గోడకి పది మీటర్ల దూరంలో సమంగా ఉన్న నేల మీద పెట్టి, లైటు మధ్య ఎత్తుని గోడ మీద సుద్దతో గీస్తాను. డిమ్ము వేసినప్పుడు పైన వెలుగు తెగే గీత ఆ సుద్దగీతకి 10 సెంటీమీటర్ల కింద ఉండాలి, నూటికి ఒక వంతు వాలు అది. ఎడమవైపు గీత కొంచెం పైకి లేస్తుంది, రోడ్డు ఎడమ అంచు కనపడడానికే అలా చేస్తారు. ఒక లైటు సర్దేటప్పుడు రెండోదాని సాకెట్ పీకేస్తాను. కుడి పక్క లేచే గీత ఉన్న లైటు ఎక్కడి నుంచో తెచ్చి బిగించిన బళ్ళూ వస్తుంటాయి. వాటికి ఎంత సర్దినా లాభం లేదు, మార్చాలి.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం డిమ్ము గురించే. లైటు నుంచి 8 మీటర్ల దూరంలో, దీపం కుడి అంచుకి అర మీటరు కుడిపక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్ళకి వెలుగు కొట్టకూడదు. రాత్రి రెండు వరసల హైవే మీద ఎదురొచ్చే మోటారు సైకిలువాడు అంత ఎత్తులోనే ఉంటాడు. ఈ ఒక్క నియమాన్ని నేను బాగా పట్టించుకుంటాను.

ఒక చిట్కా: ఆఖరి తిప్పు ఎప్పుడూ బిగించే వైపే ఉండాలి. వదులు చేసే వైపు ఆపితే స్ప్రింగు పట్టు లేక రోడ్డు కుదుపులకి లైటు జారిపోతుంది.

ఇక గ్రీజు. నూనె స్క్రూని వదిలిస్తుంది గానీ కాపాడదు, కొన్నాళ్ళకి ఆరిపోతుంది. మళ్ళీ పట్టేయకుండా నైలాన్ నట్టుకి సిలికాన్ గ్రీజు, లోహం లోహానికి రాగి పొడి కలిపిన యాంటీ సీజ్ గ్రీజు రాస్తాను. వానల ముందు ఒకసారి రెండు స్క్రూలూ ఒక చుట్టు అటూ ఇటూ తిప్పి మళ్ళీ పాత గుర్తుకి తెస్తే చాలు, అందుకే తిప్పేముందు గోడ మీద వెలుగు గీత ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. ఈ పని చేయించుకునే ఓనర్లు మళ్ళీ పట్టేసిందని రారు.

తల అరిగిపోయిన స్క్రూకి హాక్సా బ్లేడుతో కొత్త గాడి కోయొచ్చు. గుంట అరిగిన నట్టుకి మాత్రం నూనె వేస్ట్, కొత్త నట్టూ స్క్రూ పెట్టించుకోండి, అది ఖర్చులోకే రాదు. లైటు చుట్టూ ఉండే రింగు స్క్రూలకి కూడా అదే గ్రీజు రాయండి, తుప్పుకి ముందు పోయేవి వాటి తలలే.