పాత ఫియట్‌కి పెయింట్ వేయించాను: హైదరాబాద్‌లో ముషీరాబాద్ వైపు ఒక చిన్న షెడ్డు గురించి

ముందే చెప్తున్నా, అద్దంలో మొహం చూసుకున్నట్టు కారులో చూసుకోవాలి అనుకునేవాళ్లకి ఈ షెడ్డు సరిపోదు. పాత కారుని బాగు చేయించి మళ్లీ రోడ్డు మీద తిప్పాలి, ఇంట్లో పెద్దవాళ్లని ఎక్కించుకుని ట్యాంక్‌బండ్ దాకా వెళ్లి రావాలి అనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా ఒకసారి వెళ్లి మాట్లాడండి.

మాది 1984 ప్రీమియర్ పద్మిని, లేత నీలం రంగు. నాన్న కొత్తదే కొన్నారు. ఇంట్లో ఎవరం పద్మిని అనం, ఫియట్ అనే అంటాం, ఎందుకంటే అది నిజంగానే ఫియట్ 1100 డి, ముంబైలో కుర్లాలో ప్రీమియర్ వాళ్లు తయారు చేసేవాళ్లు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన చేతి గేరు, చోక్ లాగితే ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. బాధంతా బాడీతోనే. పదేళ్ల కిందట ఒకచోట పెయింట్ చేయిస్తే (ఎక్కడో చెప్పను) రెండు వానాకాలాలు దాటకముందే డోర్ల కింది అంచుల్లో బుడగలు లేచాయి, గోరుతో నొక్కితే పెంకులా ఊడి వచ్చింది, లోపల చూస్తే ఎర్రగా తుప్పు. తుప్పు తీయకుండా దాని మీదే పుట్టీ (గుంటలు నింపే ముద్ద) పెట్టి రంగు కొట్టేశారు. ఆ రోజు నాన్న ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత బండి బయటికి తీయడం తగ్గించేశారు. నాకు అదే గుచ్చుకుంది.

ఈసారి గచ్చిబౌలి వైపు ఒక పెద్ద స్టూడియోలో అడిగితే పెయింటింగ్ ఒక్కదానికే రెండున్నర లక్షలు చెప్పారు, టింకరింగ్ (రేకు సరిచేసే పని) వేరే. వాళ్ల దగ్గర పెయింట్ బూత్ (దుమ్ము రాకుండా మూసిన రంగు గది) ఉంది, పని కూడా బాగుంటుంది, కాదనను. నా వల్ల కాలేదు. తర్వాత డోర్ రబ్బర్ల కోసం రాణిగంజ్ తిరుగుతుంటే ఒక షాపాయన ఈ షెడ్డు సంగతి చెప్పాడు. బోర్డు లేదు, రేకుల కప్పు, మహా అయితే రెండు బళ్లు పడతాయి, ముందు ఒక వేపచెట్టు. ఉస్తాద్‌కి అరవై దాటి ఉంటాయి. వెళ్లగానే రేటు చెప్పలేదు, జేబులోంచి గుడ్డ చుట్టిన చిన్న మాగ్నెట్ తీసి బండి చుట్టూ పెట్టుకుంటూ వెళ్లారు. అంటుకోని చోటల్లా చాక్‌పీస్‌తో గీత గీశారు. ఎడమవైపు వెనక డోరు సగానికి సగం పుట్టీయే అని అప్పుడు తెలిసింది.

నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ తర్వాత చెప్పిన మాటతో. "సార్, నా దగ్గర బూత్ లేదు. ఎంత జాగ్రత్తగ కొట్టినా పైన నాలుగు దుమ్ము గింజలు కూర్చుంటయి. ఈ డోరు నలబై ఏండ్ల సంది దెబ్బలు తిన్నది, ట్యూబులైటు కింద చూస్తే అల కనపడ్తది. తుప్పు మాత్రం ఉండనియ్య. గిది ఒప్పుకుంటేనే బండి పెట్టుండ్రి." పని మొదలుపెట్టకముందే ఏది రాదో చెప్పిన పెయింటర్‌ని నేను అంతకుముందు చూడలేదు.

పని విషయానికొస్తే, పాత పెయింట్ మొత్తం రిమూవర్ పూసి రేకు దాకా గీకేశారు. కింద ఫుట్‌బోర్డు అంచులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట జల్లెడలా ఉన్నాయి. కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసి, ఉత్త రేకు మీద ముందు తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమర్, ఆ తర్వాతే పుట్టీ, అది కూడా పల్చగా. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఎండకీ కుదుపులకీ పగుళ్లు వస్తాయి కాబట్టి ముందు సుత్తితో రేకునే వీలైనంత సరిచేశారు. దీనికే మూడు వారాలు పట్టింది. తర్వాత సర్ఫేసర్ (రంగు కింద నునుపు కోసం వేసే పొర) కొట్టి, దాని మీద నల్ల రంగు మంచులా పల్చగా చల్లి పొడవాటి చెక్కకి వాటర్ పేపర్ చుట్టి రుద్దారు. ఎక్కడ నలుపు మిగిలితే అక్కడ పల్లం, ఎక్కడ ముందే పోతే అక్కడ ఎత్తు. ఆ చెక్క పట్టుకుని ఒక్క డోరు మీద పొద్దున నుంచి సాయంత్రం దాకా రుద్దిన కుర్రాడిని నేను కూర్చుని చూశాను.

రంగు కొట్టింది తెల్లవారుజామున, రోడ్డు మీద ట్రాఫిక్ మొదలుకాకముందు. చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టి, నేలంతా నీళ్లు చల్లి దుమ్ము అణిచి, మూడు కోట్లు పీయూ (హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురెథేన్ రంగు) కొట్టారు. పైన విడిగా క్లియర్ కోట్ (రంగు లేని మెరుపు పొర) వద్దన్నాను, ఎందుకంటే అప్పట్లో ఈ బళ్లకి ఉన్నది సాదా రంగే, రేపు గీత పడినా అక్కడి వరకు సరిచేసుకోవడం కూడా తేలిక. రంగు మార్చలేదు. మారిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి, అయినా నాన్నకి ఈ నీలమే ఇష్టం.

బండి ఇంటికొచ్చాక మొదటి వారం నేను సరిగ్గా నిద్రపోలేదంటే నమ్మండి. రాత్రి ఫోన్ టార్చ్ వేసుకుని కిందికెళ్లి చూసేవాణ్ణి. టాప్ మీద దుమ్ము గింజలు, లెక్కపెడితే పదకొండు. కింది అంచుల్లో నారింజ తొక్కలా గరుకు. డిక్కీ డోరు విడిగా ఇంకో రోజు కొట్టారు కాబట్టి సాయంత్రం ఎండలో ఒక పిసరు ముదురుగా కనిపిస్తుంది. అన్నిటికంటే నన్ను వేధించింది కుడివైపు ముందు డోరు అంచున కారి ఆగిపోయిన ఒక చుక్క, మినపగింజంత. మూడుసార్లు షెడ్డుకి వెళ్లాను దాని కోసమే. మూడోసారి ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని నా వేలిని ఆ అంచు మీద నడిపించారు. "గీకితే పోతది సార్, కానీ మూల మీద పొర పల్చగుంటది. చుక్కతోని పాటు చుట్టుపక్కల రంగు గూడ పోయి ప్రైమర్ తేలుతది. అప్పుడు డోరంత మళ్ల కొట్టాలె. ఆ రంగు మిగతా బండితోని కలవదు." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పాలిషింగ్ మెషిన్ అంచుల మీద పెట్టి రంగు కాల్చేసుకున్న బళ్లు నేనే చూశాను. టాప్ మీది గింజలు మాత్రం 2000 నంబర్ పేపర్‌తో నెమ్మదిగా రుద్ది కాంపౌండ్ (పాలిష్ పేస్టు) పట్టించారు, తొమ్మిది పోయాయి.

నా మనసు మారింది మాత్రం ఇంట్లోనే. డిక్కీ లోపలి అట్ట తీసి శుభ్రం చేస్తున్నా. అక్కడ మేము కొత్త రంగు వేయించలేదు, స్టెప్నీ గుంట తప్ప మిగతాదంతా కంపెనీలో కొట్టిన రంగే. టార్చ్ పడితే దీపం వెనకాల రేకు మీద పొడవుగా కారి గట్టిపడిన రంగు, నా డోరు మీద చుక్కకంటే మూడింతలు పెద్దది. 1984లో కుర్లాలో కారింది. నలభై ఏళ్లుగా అక్కడే ఉంది, ఎక్కడా పెచ్చు లేవలేదు, తుప్పు లేదు. నాన్నని పిలిచి చూపిస్తే వంగి చూసి, "కొత్తల గూడ గిట్లనే ఉండె రా, డోర్ల సందులు గూడ ఒక్కతీరు ఉండకపోతుండె" అన్నారు. నేనేమో ఆ కారు ఎప్పుడూ లేనంత నున్నగా ఉండాలని పట్టుబడుతున్నాను. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి నిజాం పసుపు రోల్స్ రాయిస్‌ని చూసిన కళ్లతో మా ఫియట్‌ని చూస్తే ఎలా, అది తిరిగే బండి కాదు, మాది మొన్ననే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఆటోవాడి అద్దం తగిలించుకుని వచ్చింది.

అలాగని పెయింటర్ ఏం చేసినా సర్దుకోమని చెప్పడం లేదు. బుడగలు వస్తే ఊరుకోకండి, అది లోపల తుప్పో తేమో ఉందని చెప్పడమే. పెచ్చులు లేస్తే, పుట్టీ పగిలితే, రంగు మధ్యలో చేపకన్నులా గుంటలు పడితే (నూనె, సిలికాన్ పాలిష్ సరిగ్గా తుడవకపోతే అలా అవుతుంది) బండి వెనక్కి తీసుకెళ్లి మళ్లీ చేయించండి. ఇవి పెరిగే జబ్బులు. దుమ్ము గింజ, కొంచెం గరుకు, ఒక చుక్క, ఇవి పెరగవు. నేను ఒక వానాకాలం చూశాకే ఇది రాస్తున్నా, ఎక్కడా ఒక్క బుడగ లేదు.

షెడ్డు మీద నాకు కోపం తెప్పించినవి కూడా ఉన్నాయి. ఆరు వారాలన్నది పదకొండు వారాలైంది. ఫోన్ ఎత్తరు, వెళ్లి నిలబడితేనే సమాధానం. ముందు అద్దం రబ్బరు మీద రంగు తుంపర పడింది, మాస్కింగ్ సరిగ్గా వేయకపోతే పడేదే, దీనికి బూత్ లేకపోవడం సాకు కాదు. నేను అడిగాకే తిన్నర్‌తో తుడిచారు. డోరు బీడింగ్ క్లిప్పులు రెండు పోగొట్టారు, మళ్లీ రాణిగంజ్ తిరిగి కొనుక్కోవాల్సి వచ్చింది. ఇంకో మాట, కుర్రాళ్లు పీయూ కొట్టేటప్పుడు గుడ్డ కట్టుకుని కొడుతున్నారు. అందులో కలిపే హార్డెనర్ ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. నేను రెండు కార్ట్రిడ్జ్ మాస్కులు కొనిచ్చాను, మీరు వెళ్తే వాడుతున్నారో లేదో అడగండి.

మొత్తం టింకరింగ్, పెయింటింగ్ కలిపి లక్షా పదివేలు అయింది, రబ్బర్లు, బీడింగ్ నావి. ఐదుకి నాలుగు ఇస్తాను.

బండి పనికి ఇవ్వాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ఇవ్వండి. వానల్లో గాలిలో తేమకి హార్డెనర్ పాడవుతుంది, మేలో ఎండకి రంగు రేకు మీద పడకముందే గాలిలోనే ఆరి గరుకు తేలుతుంది. బండి తెచ్చుకున్నాక నెల రోజులు వ్యాక్స్ పెట్టకండి, కవర్ కప్పకండి, లోపల తిన్నర్ బయటికి పోవాలి. పొద్దున పదింటి తర్వాత ఉస్తాద్ ఉంటారు, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తారు కాబట్టి అప్పుడు వెళ్లకండి. పని అయ్యాక ఆ మాగ్నెట్ మీ చేతికే ఇచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టి చూసుకోమంటారు, మొహమాటపడకుండా డోర్ల కింది అంచులన్నీ చూసుకోండి.