చేతిపనుల సామాను పెట్టె: కుక్క ఉన్న ఇంట్లో దీని పనితనం

జిగుర్లు, రంగులు, ఊలు ఉండలు ఎప్పుడూ బయటే ఉండే ఇంట్లో కుక్కను కూడా పెంచుతున్నందువల్ల, మూతకు రబ్బరు అంచు, నాలుగు పక్కలా క్లిప్పులు ఉన్న ఈ ప్లాస్టిక్ పెట్టెను కొన్నాను. లోపలి వాసనను దాదాపుగా బయటికి రానివ్వకపోవడం ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

ఆ గుణం విలువ చెక్కను అతికించే పాలీయురెథేన్ జిగురు విషయంలో బాగా తెలుస్తుంది. కుక్కలు దీన్ని ఇష్టంగా నాకుతాయి. కడుపులోకి వెళ్లాక ఇందులోని ఐసోసైనేట్ అనే రసాయనం అక్కడి తడితో కలిసి నురగలా పొంగి, తిన్నదానికి ఎన్నో రెట్లు పెరిగి, గట్టి ముద్దగా బిగుసుకుంటుంది. చాలాసార్లు ఆపరేషన్ చేసి తీయవలసి వస్తుంది. వాంతి చేయిస్తే ఆ నురగ అన్నవాహికలోనే బిగుసుకోవచ్చు కనుక ఇంట్లో అటువంటి ప్రయత్నాలేవీ చేయకుండా వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించాలి. సీసా మూతి దగ్గర ఎండిన జిగురు బొట్టును పళ్లతో గీకాలని చూసిన మా కుక్క, సీసా పెట్టెలోకి చేరాక దాన్ని ఉంచిన అలమర జోలికి పోవడం లేదు.

లోపాలూ ఉన్నాయి. పెట్టె ఎత్తు చాలనందువల్ల జిగురు సీసాను పడుకోబెట్టవలసి వస్తోంది, అది కారుతోంది. దారం ఎక్కించిన సూదులకూ బటన్ బ్యాటరీలకూ విడి అర లేదు. ఒక క్లిప్పు అప్పుడే వదులైంది.

అట్టపై ముద్రించిన ‘పెంపుడు జంతువులకు పూర్తి రక్షణ’ అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఉప్పు కలిపిన పిండిముద్దతో చేసి ఆరబెట్టిన బొమ్మలు పెట్టెలో ఉండవు, బల్ల మీద ఉంటాయి. రెండు కప్పుల పిండికి ఒక కప్పు ఉప్పు కలిపి చేసే ముద్ద ఆరిందంటే, దాని బరువులో సుమారు సగం ఉప్పే. కుక్క బరువులో కిలోకు 2 నుంచి 3 గ్రాముల ఉప్పు చేరితే విష లక్షణాలు మొదలవుతాయి; 4 గ్రాములు ప్రాణాంతకం కావచ్చు. ఆ లెక్కన 5 కిలోల కుక్కకు అరచేతిలో పట్టే బొమ్మ ఒక్కటి చాలు. పిల్లల రంగుల మీద కనిపించే ‘విషరహితం’ అనే ముద్ర కూడా మనుషుల వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని వేసినదే తప్ప, డబ్బా మొత్తం కొరికి మింగే కుక్క కోసం కాదు.

కొనదలచినవారు చిన్న సైజు వదిలేసి, సీసాలు నిలువుగా పట్టే పెద్దదాన్ని తీసుకోవడం మంచిది.