హామర్‌స్మిత్ పేరుతో వచ్చిన మోత: మోటర్‌హెడ్ లైవ్ రికార్డు, ఏళ్ళ తరబడి విన్నాక

బ్రిటిష్ రాక్ బ్యాండ్ మోటర్‌హెడ్ వాళ్ళ లైవ్ రికార్డు 'నో స్లీప్ టిల్ హామర్‌స్మిత్' నా దగ్గర మూడు రూపాల్లో ఉంది. బెంగళూరు మడివాళలో బ్యాచిలర్ రూమ్ రోజుల్లో ఎవరో రాసిచ్చిన ఎంపీ3 సీడీ, జీతం వచ్చాక కొన్న అసలు సీడీ, ఇప్పుడు బీటీఎం లేఅవుట్ ఇంట్లో సెకండ్‌హ్యాండ్ ఎల్పీ. కాలేజీలో నెత్తిన పెట్టుకున్న రికార్డుల్లో సగం ఈమధ్య రెండో పాటకే ఆపేస్తున్నాను. దీన్ని మాత్రం పెట్టానంటే చివరిదాకా వినాల్సిందే.

1981 జూన్‌లో వచ్చింది, వస్తూనే బ్రిటన్ చార్టులో నేరుగా ఒకటో స్థానంలో కూర్చుంది. పేరులో హామర్‌స్మిత్ ఉంది గానీ లండన్‌లోని ఆ హాల్లో రికార్డు చేసిన పాట ఇందులో ఒక్కటీ లేదు. దాదాపు అంతా ఆ ఏడు మార్చిలో లీడ్స్, న్యూకాసిల్ ఊళ్ళలో పట్టింది. వేదిక మీద ఉన్నది ముగ్గురే. లెమ్మీ బేస్ (అడుగు స్వరాల గిటార్) వాయిస్తూ పాడతాడు, ఫాస్ట్ ఎడ్డీ క్లార్క్ గిటార్, ఫిల్ టేలర్ డ్రమ్స్.

ముగ్గురికి ఇంత మోత ఎక్కడిదన్నది నాకు చాన్నాళ్ళకి గానీ అర్థం కాలేదు. లెమ్మీ అసలు రిథమ్ గిటారిస్టు, అంటే సోలోలు కాక పాట వెనక కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వాయించేవాడు. హాక్‌విండ్ అనే బ్యాండ్‌లో చేరాకే బేస్ పట్టాడు, కానీ చెయ్యి గిటారిస్టు చెయ్యిగానే ఉండిపోయింది. రికెన్‌బాకర్ కంపెనీ బేస్‌ని మార్షల్ ఆంప్లిఫయర్‌కి తగిలించి, గరగరలాడే శబ్దంతో రెండు మూడు తీగలు కలిపి కార్డ్స్ వాయించేస్తాడు. మామూలు ముగ్గురి బ్యాండ్లలో గిటార్ సోలో మొదలవగానే కింద ఖాళీ తెలిసిపోతుంది. ఇక్కడ ఎడ్డీ సోలోకి వెళ్ళినా కింద ఇంకో గిటార్ ఉన్నట్టే ఉంటుంది. 'స్టే క్లీన్'లో ఏకంగా బేస్ సోలోనే ఉంది, మొదటిసారి విన్నవాళ్ళు అది గిటారే అనుకుంటారు. దీనివల్ల ఇంకో లాభం: చిన్న స్పీకర్లలో మామూలు బేస్ మాయమైపోతుంది, లెమ్మీ బేస్ పోదు. మడివాళ రూమ్‌లో కంప్యూటర్ పక్కన పెట్టుకునే చవక స్పీకర్లలో కూడా ఇది నిలబడింది.

మా గ్యాంగ్‌లో ఈ రికార్డు మీద నడిచినంత గొడవ దేనిమీదా నడవలేదు. కర్నూలు అన్నకి లైవ్ రికార్డంటే డీప్ పర్పుల్ వాళ్ళ 'మేడ్ ఇన్ జపాన్' ఒక్కటే. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యోల్లో పట్టింది, రెండు ఎల్పీల్లో ఏడే పాటలు. చివరి సైడంతా ఒకే పాట, ఇంచుమించు ఇరవై నిమిషాలు. నెల్లూరు తమ్ముడు పంక్ (చిన్న, వేగమైన, సాదా రాక్ పాటల) మనిషి. వాడిది రామోన్స్ 'ఇట్స్ అలైవ్': 1977 డిసెంబర్ 31 రాత్రి లండన్ రెయిన్‌బో థియేటర్‌లో, గంటలోపు 28 పాటలు.

"ఒక్క పాటకి ఒక సైడంతానా అన్నా? ఈలోపు రామోన్స్ పది పాటలు పాడేసి ఇంటికెళ్ళి పడుకుంటారు."

"ఆ పదీ ఒక్కటే పాట కదరా."

ఇద్దరి మాటలోనూ నిజముంది. 'మేడ్ ఇన్ జపాన్'లో గిలాన్ గొంతు, బ్లాక్‌మోర్ గిటార్ ఒకరి సంగతికి ఒకరు బదులిచ్చుకునే చోట, కచేరీలు వింటూ పెరిగినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. కానీ దానికి సాయంత్రమంతా ఖాళీ ఉండాలి, ఉద్యోగం చేసుకునేవాడికి అది పండక్కి తీసే పట్టుబట్ట. రామోన్స్‌ది వేరే ఇబ్బంది. వాళ్ళ గిటారిస్టు జానీ కుడిచెయ్యి అంతా కిందికి కొట్టుడే, ఆ దమ్ముకి దండం పెట్టాల్సిందే. అయినా పదిహేను పాటలు దాటాక ఏది ఏదో నాకు తెలియడం మానేస్తుంది.

హామర్‌స్మిత్‌లో 11 పాటలు, మొత్తం సుమారు నలభై నిమిషాలు. సోలోలు ఉన్నాయి, కానీ ఏదీ కూర్చుని కాఫీ తాగదు. అందుకే ఇద్దరూ దీన్ని ఒప్పుకున్నారు, ఎవరి కారణాలు వాళ్ళవి. ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. పంక్ కుర్రాళ్ళు జుట్టు కత్తిరించుకుంటున్న రోజుల్లో లెమ్మీ పొడుగు జుట్టుతోనే తిరిగాడు, అయినా డ్యామ్డ్ అనే పంక్ బ్యాండ్ వాళ్ళతో కలిసి వాయించాడు. 1991లో రామోన్స్ మీద ఏకంగా పాట కట్టాడు. తమది మెటల్ కాదు, రాక్ అండ్ రోల్ అని చివరిదాకా అంటూనే ఉన్నాడు. కర్నూలు అన్న మాత్రం "ఆయన వినయం కొద్దీ అన్నాడు, నువ్వు నమ్మకు" అంటాడు.

లోపాలున్నాయి. మొదటి సైడ్‌లో 'మెట్రోపాలిస్', రెండో సైడ్‌లో 'కాప్రికార్న్' దగ్గర ఊపు తగ్గుతుంది. వేగమే బలమైన బ్యాండ్ నెమ్మదిస్తే అది విశ్రాంతిలా కాక ట్రాఫిక్‌లా అనిపిస్తుంది. ట్రాఫిక్ అంటే గుర్తొచ్చింది, సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో మొదలుపెట్టిన రికార్డు మొత్తం అయిపోయినా బెళ్ళందూరు రాని రోజులున్నాయి. మాటలు కూడా సగం అందవు. మా ఆవిడ మొదటిసారి విని "ఈయనకి ఎవరూ మిరియాల కషాయం ఇవ్వలేదా?" అంది. ఆమెకి నచ్చింది ఒక్క 'ఓవర్‌కిల్'. రెండుసార్లు అయిపోయినట్టే ఆగి, ఫిల్ టేలర్ రెండు బేస్ డ్రమ్ములతో మళ్ళీ లేపుతాడు. కూరలో ఉప్పు చూడమని అడగడానికి వచ్చి, "అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలెట్టాడేంటి!" అని అక్కడే నిలబడి పూర్తిగా వింది.

నాకు అన్నిటికంటే దగ్గరైన పాట 'రోడ్ క్రూ'. వైర్లు చుట్టే, స్పీకర్లు మోసే వాళ్ళ కోసం రాసింది. లెమ్మీ ఒకప్పుడు గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ దగ్గర ఆ పని చేసినవాడే. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ షో అయ్యాక జనమంతా ఆటోల కోసం పరిగెడుతుంటే, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడి పబ్బుల్లో సౌండ్ చూసే మా స్నేహితుడు మాత్రం కదలలేదు. సామాను ఎలా దించుతారో చూడాలన్నాడు. అంతసేపు నించుని వేదిక ఖాళీ అవడం చూశాం. ఆ తర్వాత ఈ పాట నాకు వేరేగా వినిపించింది.

ఎల్పీ సంగతి. పాతది కాబట్టి చిటపటలున్నాయి, కానీ పాట మొదలయ్యాక వాటి మాట ఎవరు వింటారు? ఏ ఎల్పీలోనైనా మధ్య లేబుల్ దగ్గరికి వచ్చేకొద్దీ సూది కింద గాడి నెమ్మదిగా కదులుతుంది, శబ్దం కొంచెం బరకబారుతుంది. ఇందులో ఆ చోటు చివరి పాట 'మోటర్‌హెడ్'కి దక్కింది. ఆ పాటకి బరక అదనపు అలంకారం.

కొనాలనుకునేవాళ్ళు ముందు 11 పాటల మామూలు రూపమే కొనండి. 2021లో నలభై ఏళ్ళ సందర్భంగా వచ్చిన పెద్ద సెట్‌లో, ఈ రికార్డు కోసం పట్టిన మూడు కచేరీలూ పూర్తిగా ఉన్నాయి. అవే పాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ తేడా పోల్చి చూసే పిచ్చి ఉంటే తప్ప అంత డబ్బు పెట్టక్కర్లేదు. నెల్లూరు తమ్ముడు ఆ సెట్ కొన్నాడు. పంక్ మనిషి, నాలుగు సీడీల సెట్. కర్నూలు అన్న ఇంకా వదల్లేదు వాణ్ణి.